పాదులు మూసే రోజు

పారను బకెట్లోంచి తీసి, గచ్చు మీద రెండుసార్లు తాటించి చూసింది. తల కదల్లేదు. రాత్రంతా నీళ్లలో నానిన కామ ఉబ్బి ఇనుములో బిగుసుకుపోయింది. వేసవి వచ్చిందంటే చాలు, కర్ర ఎండి వదులవుతుంది, పార తల అటూ ఇటూ తిరుగుతుంది, ఆమె దాన్ని తీసుకొచ్చి బకెట్లో నిలబెడుతుంది. కొత్త కామ తొడిగించుకోమని పనిలో మేస్త్రీ చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఆమె వినదు. ఈ కర్రకు ఆమె చేతులు పడే రెండు చోట్లా నున్నటి పల్లాలు పడ్డాయి. కొత్త కర్రతో మళ్లీ మొదట్నుంచి స్నేహం చేసే ఓపిక తనకు లేదంటుంది.

"గచ్చు పగిలిపోతుందే!" ముందు గదిలోంచి భర్త కేకేశాడు.

"పగిలితే మీరున్నారుగా, కుట్టేద్దురు."

కుట్టు మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. ఆయన నవ్వాడని ఆమెకు ఆ ఆగడంలోనే తెలిసింది.

ఆయన దర్జీ. ముందు గదే కొట్టు. కిటికీ పక్కన మిషను, మిషను మీదికి వంగిన మనిషి, ఆయన వెనక గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు, కాళ్ల కింద రంగురంగుల ముక్కలు. బడిపిల్లల యూనిఫాములు ఆయన ప్రత్యేకత. ఆయన కుట్టిన నిక్కరు వేసుకున్న పిల్లాడు దాన్ని తమ్ముడికిచ్చి, ఆ తమ్ముడు చిన్నాన్న కొడుక్కిచ్చినా కుట్టు ఊడదని పేరు. కొలతలు ఇవ్వడానికి జనమే ఆయన దగ్గరికి వస్తారు గానీ ఆయన గడప దాటి పోయేది తక్కువ. ఈ మధ్య కాస్త గబగబా నడిస్తే ఆయాసం వస్తోంది. గుండె బలహీనంగా ఉంది, మెట్లెక్కొద్దు, మందులు మానొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. "మెట్లే లేని కొంపలో ఉన్నాం, మనకేం భయమే" అని ఇంటికొచ్చి ఆయన వేళాకోళం చేశాడు.

పొద్దుటి టీ ఆయన పని. పెళ్లయిన కొత్తలో ఒక జ్వరం రోజున మొదలుపెట్టి, జ్వరం తగ్గాక కూడా మానలేదు. ఆమె గోడకు ఆనుకుని టీ తాగుతూ ఆయన వీపు వంక చూసింది. తెల్ల చొక్కా. ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. ఇంట్లో పని చేసుకునేటప్పుడు ఆయన బనీనుతో కూర్చుంటాడు. ఇవాళ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా ఎందుకు వేసుకున్నట్టు?

అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే 'ఊరికే' అంటాడేమోనని భయం. ఆ ఊరికే వినడం ఆమెకు ఇష్టం లేదు.

"మందు వేసుకున్నారా?" అంది.

"వేసుకున్నా. నువ్వు బయల్దేరు, బండి వెళ్లిపోతుంది."

ఆమె ముదురుపచ్చ కోటు తొడుక్కుంది. మున్సిపల్ ఆఫీసువాళ్లు ఇచ్చే కోట్లన్నీ మగవాళ్ల కొలతలకే ఉంటాయి. ఆయన దాన్ని మొత్తం విప్పి, భుజాలు తగ్గించి, చంకల్లో గాలాడేలా మళ్లీ కుట్టి ఇచ్చాడు. వీధిలో పార పట్టుకునే ఆడవాళ్లలో ఒంటికి సరిపడ్డ కోటు ఉన్నది ఆమె ఒక్కదానికే. తలకు గుడ్డ చుట్టుకుని, డబ్బా సంచిలో పెట్టుకుని, పార భుజాన వేసుకుని గడప దాటింది.

నిన్న భోజనాల దగ్గర ఆయనే కదిపాడు. కూర కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "బట్టల బజార్లో పాదులు మూసేది రేపేగా? నేనూ ఒకసారి వచ్చి చూస్తా" అన్నాడు. ఎండలో మీరెందుకండీ అని ఆమె అంది. చేతిలో గరిటె మాత్రం గిన్నెలోనే ఆగిపోయింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది.

దాని వెనక కథ చాలా పాతది. ఆమె వీధిచెట్లకు పాదులు తవ్వే పనిలో చేరిన కొత్తల్లో, ఆయన ఒకరోజు సూదిలో దారం ఎక్కించుకుంటూ, "బట్టల బజారు వైపు మాత్రం పని వేయించుకోకు. అక్కడ అందరూ నాకు తెలిసినవాళ్లే" అన్నాడు. అరవలేదు, కసరలేదు, మామూలుగానే అన్నాడు. ఆమె సరేనంది. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు ఆయనకు తెలియనివ్వలేదు. బజారు వంతు వచ్చినప్పుడల్లా మరొకరితో మార్చుకుని, వాళ్ల వంతు ఎంత దూరమైనా పోయి చేసింది. ఆయన మంచి మనిషి. కూతురికి జడ వేశాడు, అత్తగారికి మంచంలో సేవ చేశాడు, జీతం ఏం చేశావని ఒక్కనాడు అడగలేదు. మంచి మనిషి అన్న మాట కనకనే అది అంతగా గుచ్చుకుంది.

మూడు వేసవుల కిందట బజారంతా కొత్తగా చెట్లు నాటాలన్నప్పుడు మేస్త్రీ ఎప్పటిలాగే ఆమె వంతు మార్చబోయాడు. ఎందుకో ఆ రోజు ఆమెకు మొండితనం వచ్చింది. "ఉండనీ, నేనే చేస్తా" అంది. ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోతేనేం, దర్జీ కళ్లు ఊరుకుంటాయా? బజారు నేల మీద దొర్లే దారం పోగులు ఆమె కోటు అంచుకు అంటుకుని ఇంటికొచ్చాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే ఏరి, చేతిలోకి తీసుకుని చూసి, పక్కన పెట్టాడు. ఆ తర్వాత చాలా సాయంత్రాలు అలా ఏరి పక్కన పెడుతూనే వచ్చాడు.

ఆమెకు కావలసింది ఇంతే. ఒక్కసారి, పగటిపూట, తన చేతిలో పార ఉండగా, ఆ బజార్లో నలుగురి ముందు, ఈమె నా భార్య అని ఆయన అనాలి. ఇవాళ పాదులు మూసేస్తే ఆ బజార్లో ఆమెకు ఇక పని ఉండదు. రావాలంటే ఇవాళే రావాలి.

డిపోలో బండి ఇంజను అప్పటికే దడదడలాడుతోంది. మేస్త్రీ ముందు సీట్లో కూర్చుని బీడీ వెలిగించబోతూ ఆమెను చూసి జేబులో పెట్టేసుకున్నాడు. ఆమె ముందు బీడీ కాల్చడానికి ఆయనకు మొహమాటం. వెనక తట్టల మధ్య కొత్తకోడలు కూర్చుని ఉంది. ముఠాలో చేరి ఎన్నేళ్లయిందో తనకే గుర్తు లేదు, ఇద్దరు పిల్లల్ని కని బడికి పంపింది, అయినా అందరికన్నా ఆఖర్న చేరింది గనక పేరు కొత్తకోడలుగానే నిలిచిపోయింది. పాదులు తవ్వే ఈమెను మాత్రం అందరూ పాదులక్క అంటారు.

"ఏంటి పాదులక్కా, మొహంలో పెళ్లికళ కనపడుతోంది?" కొత్తకోడలు అంది.

"నీ మొహం. కదులు, పార పెట్టుకోనీ."

బండి డిపో దాటగానే దారిలోని చెట్లతో ఆమె పలకరింపులు మొదలవుతాయి. పైకి అనదు, చూపుతోనే. బస్టాండు మలుపులో వేప. దాని ఒంటినిండా మేకులు, మేకులకు చిరిగిన ప్రకటనలు. ఎప్పుడో లారీ గుద్దితే ఒకపక్క బెరడంతా ఊడిపోయింది. ఆ గాయం చుట్టూ అది నిదానంగా మందపాటి అంచు కట్టుకుంటూ వచ్చి, ఇప్పుడు అరచేయంత మాత్రమే మిగిల్చింది. గోదాముల వీధిలో నెమలినార. దాని ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే. కానీ సిమెంటు ధూళిలో, డీజిలు పొగలో, చుక్క నీరు దొరకని చోట అది తప్ప మరోటి బతకలేదు. ఇది కంపు కొడుతుందని ఫిర్యాదు చేసినవాళ్లే మధ్యాహ్నమయ్యేసరికి స్కూటర్లు తెచ్చి దాని కిందే పెట్టుకుంటారు. కోర్టు ముందు రేల. ఏడాదంతా ఎవరి కంటికీ ఆనని బక్కచెట్టు. మండుటెండల్లో మాత్రం పసుపుపచ్చ గుత్తులు వేలాడేసుకుని అందరి ఫోటోల్లోకీ ఎక్కుతుంది. ఇప్పుడు ఆ వైభవం ముగిసి, పూరెక్కలు రోడ్డు మీద ఎండిపోయి ఉన్నాయి.

ఆమెకు కానుగ అంటే ప్రత్యేకమైన అభిమానం. కానుగ సంసారపక్షపు చెట్టు. పువ్వు పూసినా గొప్ప చెప్పుకోదు, ఆకు రాల్చినా దిగులు కనపడనివ్వదు. చెట్టు బోడిదైందే అని మనం అనుకునేలోపు మళ్లీ నిగనిగలాడే ఆకుతో నిండిపోతుంది. ఎండ ఎంత ముదిరితే నీడ అంత చిక్కన. బట్టల బజారులో ఆమె నాటినవి ఎక్కువగా కానుగలే. చివర, బొత్తాల కొట్టు ముందు మాత్రం ఒక పొగడ. ఆ చోట ఇరుకని, వేళ్లతో గోడను ఇబ్బంది పెట్టని చెట్టు కావాలని మేస్త్రీయే ఎంచాడు. పొగడ తొందరపడే రకం కాదు. పక్కనున్న కానుగలు మనిషిని దాటి ఎదిగిపోతే అది ఇంకా భుజాలు సర్దుకుంటూనే ఉంది.

వీధిచెట్టుకు మూడు వేసవులే నీళ్ల భాగ్యం. నాటిన ఏడాది పాదు మొదలును అంటుకునే ఉంటుంది. రెండో ఏడాది దాన్ని కాస్త ఎడంగా జరుపుతారు. మూడో ఏడాది ఇంకాస్త ఎడం. నీళ్లు ఎంత దూరం జరిగితే వేరు అంత దూరం వెతుక్కుంటూ పోతుంది, లోతుకు దిగుతుంది. రోజూ కాళ్ల దగ్గరే నీళ్లు పోస్తే వేళ్లన్నీ పైపైనే చాప పరుచుకుని కూర్చుంటాయి. గాలివాన వచ్చిన రోజున చెట్టు చాపతో సహా లేచి పడిపోతుంది. చెట్టంటే ప్రేమ ఎక్కువైన వాళ్లందరూ చేసే తప్పు ఇదే. ఆమె కూడా కొత్తలో ఒక వేపను ఇలాగే ముద్దు చేసి పడగొట్టింది. మూడో వేసవి చివర, తొలి వానలకు ముందు, పాదు మూసేస్తారు. గట్టు పడగొట్టి, మట్టి సమం చేసి, కాలితో తొక్కి, ఇక నీ బతుకు నువ్వు బతకమని వదిలేసి వస్తారు.

బజారు అప్పుడే తెరుచుకుంటోంది. షట్టర్లు పైకి పోతున్న చప్పుడు, తాన్లు బల్లల మీద పడుతున్న చప్పుడు. మొదటి కానుగ దగ్గర ఆమె పార దించింది. గట్టు మట్టి ఎండకు గట్టిపడి ఉంది. అంచును పారతో చెక్కి లోపలికి లాగుతూ, గడ్డల్ని పార వెనకవైపుతో నలగ్గొట్టింది. మట్టిలో దారపు పోగులు, ఒక విరిగిన దువ్వెన, టీ కప్పుల ముక్కలు. వాటిని ఏరి తట్టలో వేసింది. తర్వాత చేతి తొడుగు తీసి, మట్టిలోకి వేళ్లు గుచ్చి చూసింది. పైన పొడి, లోపల చల్లగా ఉంది. బాగానే దిగింది అనుకుంది. మాను మీద ఒకసారి అరచేయి పెట్టి, రెండో చెట్టు దగ్గరకు వెళ్లింది.

అలా పనిచేస్తూ ఉంటే ఆమెకు మనసు హాయిగా ఉంటుంది. నడుము నొప్పి ఉంది, మోకాళ్లు మాట వినవు, నిజమే. అయినా సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే చేసిన పని కళ్ల ముందు నిలబడి ఉంటుంది. ఈ ఊళ్లో ఆమెకు తెలియని నీడ తక్కువ.

ఎండ ముదిరేసరికి బొత్తాల కొట్టాయన చెంబు పట్టుకుని బయటికొచ్చాడు. గుండ్రటి మనిషి, జేబు నిండా సుద్దముక్కలూ సూదులూ. కొట్టులో గోడ నిండా అరలు, అరల నిండా బొత్తాలు, జిప్పులు, దారపు ఉండలు. పొగడ మొదట్లో పోయబోతూ, ఆమెను చూడగానే చెంబు వెనక్కి దాచుకున్నాడు.

"దొరికిపోయారు," అంది ఆమె.

"రెండు చుక్కలే పాదులక్కా. బిడ్డ ఎండిపోతోందని..."

"బిడ్డ కాదు, మీరు పోసే చెంబుకు అలవాటు పడ్డ సోమరి. ఏటా చెబుతున్నాను, మీరు వినరు. ఇవాళ పాదు మూసేస్తున్నా. ఇక మీ చెంబు మీరు తాగండి."

"మాటంటే మాటే నీది." ఆయన చెంబులో నీళ్లు నిజంగానే గటగటా తాగేశాడు. "మాకొక దర్జీ మాస్టారున్నాడు, ఆయనా అంతే. మనం ఎంత బతిమాలినా నాసి బొత్తం ముట్టడు. బొత్తం మంచిది కాకపోతే చొక్కాకు అవమానం అంటాడు. అసలు నువ్వూ ఆయనా ఒకచోట ఉంటే తమాషాగా ఉంటుంది."

ఆమె తల వంచి మట్టి లాగింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. మూడు వేసవులుగా ఆయన ఆ దర్జీ గురించి ఆమెకు చెబుతూనే ఉన్నాడు. ఆ దర్జీ పొద్దున తన చేతికి టీ ఇచ్చిన మనిషేనని ఆమె ఒక్కసారీ చెప్పలేదు. ఆ మాట చెప్పాల్సింది తను కాదు.

మధ్యాహ్నం కానుగ నీడలో ముగ్గురూ డబ్బాలు విప్పారు. ఆమె ఎటు తిరిగి కూర్చున్నా కళ్లు మాత్రం బస్సులు ఆగే మూలకే పోతున్నాయి. ఒక బస్సు వచ్చింది, ఖాళీ అయింది, పోయింది. ఇంకోటి వచ్చింది. తెల్లచొక్కా ఒకటి దిగింది గానీ ఎవరో కుర్రాడు.

"ఎవరికోసం అక్కా?" కొత్తకోడలు అడిగింది.

"ఎవరికోసమూ కాదు."

"మరి నా డబ్బాలో తింటున్నావేం?"

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. మేస్త్రీ పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. లోపల మాత్రం భయం మొదలైంది. ఎండ. ఆయాసం. రమ్మనకుండా ఉండాల్సింది అనుకుంది. తను రమ్మనలేదుగా అని మళ్లీ తనే సర్దిచెప్పుకుంది. రాకపోతే బాగుండునని, వస్తే బాగుండునని ఒకేసారి అనిపించడం ఆమెకు కొత్తగా ఉంది.

తర్వాత ఆమె పని నిదానించింది. ఒకే గడ్డను మళ్లీ మళ్లీ నలగ్గొట్టింది. సమం చేసిన మట్టినే మళ్లీ సమం చేసింది. మిగతావాళ్లు అవతలి వరుస పూర్తి చేసుకుని వచ్చేసరికి ఆమె ఇంకా ఆఖరి కానుగ దగ్గరే ఉంది.

"నీ పారకు ఇవాళ నిద్రొస్తున్నట్టుంది," అన్నాడు మేస్త్రీ. "సరే, పొగడ ఒక్కటేగా. కానీ. మేం తట్టలు ఎక్కించుకుంటాం."

ఎండ కొట్ల పైకప్పుల వెనక్కి దిగాక, గొడుగు పట్టుకున్న తెల్లచొక్కా ఒకటి రోడ్డుకు అవతలి వైపు కనపడింది. ఆమె పార ఆగిపోయింది. ఆయన అవతలే నిలబడి, గొడుగు కాస్త పైకెత్తి, చెట్లను ఒక్కొక్కటే ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తున్నాడు. తెలిసిన బట్టల కొట్టాయన ఎవరో పిలిచాడు. ఈయన చేయి ఊపాడు. అక్కడే నిలబడ్డాడు. దాటడేమో అనుకుంది ఆమె. ఇంతదాకా వచ్చి అవతలి నుంచే చూసి వెళ్లిపోతాడేమో.

ఆయన గొడుగు మూశాడు. ఒక ఆటోను పోనిచ్చి, రోడ్డు దాటాడు. నిదానంగా, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని, నేరుగా ఆమె దగ్గరకు వచ్చాడు.

"రండి రండి మాస్టారూ!" బొత్తాల కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. "కబురు పెడితే నేనే పంపేవాణ్ణిగా? ఎండలో ఇంత దూరం..."

"నీ దగ్గరికి రాలేదయ్యా నేను." ఆయన ఆమె మట్టి చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. గొంతు పెద్దది చేసి అన్నాడు. "మా ఆవిడ దగ్గరికి వచ్చా. ఈవిడ మా ఆవిడ. ఈ చెట్లన్నీ ఈవిడ పెంచినవే."

బొత్తాల కొట్టాయన నోరు తెరిచి ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఆమెనూ చూశాడు. పక్క కొట్టు గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. బండి పక్కన కొత్తకోడలు తట్ట చేతిలోంచి జారవిడిచింది.

"ఇన్నేళ్లుగా వస్తున్నారు, ఎన్నడూ చెప్పలేదేం మాస్టారూ?"

"చెప్పాల్సింది. బుద్ధి లేక చెప్పలేదు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "చాలా ఆలస్యం చేశానే."

ఆమె కళ్లు తుడుచుకోబోతే చేతులకు మట్టి. ఆయనే ఆమె తలగుడ్డ కొంగుతో తుడిచాడు. ఆమె మనసులో ఇన్నాళ్లూ ఉన్న ముల్లు ఎప్పుడు ఊడిందో, ఎక్కడ పడిందో కూడా తెలియలేదు. సంతోషంగా ఉంది. అంతే. చిన్నపిల్లలా సంతోషంగా ఉంది.

"ఇంతకీ పని చూపించు," అన్నాడాయన. "ఈ గట్లేంటి? ఎందుకు మూస్తున్నావు?"

ఆమె చూపించింది. మొదటి ఏడాది గట్టు ఎక్కడ ఉండేదో, రెండో ఏడాది ఎక్కడికి జరిపిందో, మూడో ఏడాది ఎక్కడికి జరిపిందో పార కొనతో నేల మీద గీసి చూపించింది. ఆయన వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఏటా కుట్లు విప్పి వదులు చేస్తావన్నమాట!"

"ఆఁ, అలాంటిదే."

"మరి ఇన్నేళ్లూ గుంతలు తవ్వుతానని చెప్పావేంటే? ఇది దర్జీ పనే."

ఆయన మొహం వెలిగిపోయింది. చొక్కా జేబులోంచి కొలత టేపు తీశాడు. దర్జీ బయటికెళ్లినా టేపు ఇంట్లో వదిలి వెళ్లడు. పొగడ మొదలు చుట్టూ దాన్ని తిప్పి, కళ్లు చిట్లించి, కొట్టులో ఎవరో రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు బిగ్గరగా చదివాడు. "నడుము ఆరు! సన్నం. ఇది పెరిగే పిల్ల. బిగువుగా కుట్టకూడదు, లోపలికి గుడ్డ వదలాలి." బొత్తాల కొట్టాయన వైపు చేయి చాచాడు. "ఒక పిన్నీసు ఇవ్వు."

కొట్టాయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆయన టేపును మాను చుట్టూ వదులుగా తిప్పి, మధ్యలో రెండు వేళ్లు పెట్టి చూసుకుని, అక్కడ పిన్నీసు గుచ్చాడు. "ఉండనీ. ఇది నిండేసరికి మళ్లీ వచ్చి కొలుస్తా."

తర్వాత ఆయనకు ఆయాసం వచ్చింది. కొట్టాయన స్టూలు తెచ్చి కొట్టు ముందు పందిరి కింద వేశాడు, నీళ్లిచ్చాడు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, "నువ్వు కానీ. చూస్తుంటా" అన్నాడు.

ఆమె ఆఖరి పాదు మూయడం మొదలుపెట్టింది. ఆయన చూస్తున్నాడని చేతులకు కొత్త ఒడుపు వచ్చింది. గట్టు చెక్కింది, మట్టి లోపలికి లాగింది, గడ్డలు చిదిపింది. పని చేస్తూనే మాట్లాడింది. కానుగ ఎంత మంచిదో, నెమలినార ఎంత కంపో, వేప గాయం ఎలా మానుతోందో, రేపట్నుంచి ఈవైపు రావాల్సిన పని లేకపోయినా ఒకసారి ఇద్దరం కలిసి వద్దామని. ఇన్నేళ్లుగా దాచుకున్న కబుర్లన్నీ చెప్పింది. ఆయన మొదట్లో ఊఁ కొట్టాడు. తర్వాత ఆగాడు. తల గోడకు వాల్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. కునుకు పట్టినట్టుంది, పడుకోనీ అనుకుంది. గొంతు తగ్గించింది. మట్టి మెల్లగా సమం చేసింది, చప్పుడు కాకుండా పాదంతో తొక్కింది.

పని అయ్యాక చేతులు దులుపుకుని దగ్గరకు వెళ్లింది. "లేవండి, బండిలో వెళ్దాం" అంది. భుజం మీద చేయి వేసింది. మళ్లీ పిలిచింది. అప్పుడు తెలిసింది.

కేక పెట్టలేదు. స్టూలు పక్కన నేల మీద కూర్చుండిపోయి, ఆయన చేతిని తన బుగ్గకు ఆనించుకుంది. కొట్టాయన ఎవరికో ఫోన్ చేస్తున్నాడు, మేస్త్రీ పరిగెత్తుకొస్తున్నాడు, కొత్తకోడలు ఏడుస్తోంది. ఆమెకూ ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆ ఏడుపులోనే, ఇంకెవరికీ చెప్పలేని ఒక నిబ్బరం ఉంది. ఆయన వచ్చాడు. చూశాడు. చెప్పాడు.

డాక్టరు వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. కూతురికి కబురు వెళ్లింది. వెనక తట్టలు దించేసి, మేస్త్రీ తన కోటు పరిచి, నలుగురూ కలిసి ఆయన్ని బండిలో పడుకోబెట్టారు. ఆమె పక్కన కూర్చుంది. కొట్టాయన గొడుగు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. బండి నిదానంగా బజారు దాటింది.

ఆ సాయంత్రం బొత్తాల కొట్టాయన షట్టరు వేసి, కొత్తగా సమం చేసిన మట్టిని తొక్కకుండా పక్క నుంచి వెళ్లాడు. పొగడ నడుముకు పసుపుపచ్చ టేపు ఉంది, అంకెలు అరిగినది, పిన్నీసు గుచ్చినది, రెండు వేళ్లు పట్టేంత వదులుగా.